రుక్మాబాయి ఉత్తరాలు: 'మేము' అన్నది ఎవరు?
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అర్జీలు, కరపత్రాలు, పత్రికలకు ఉత్తరాలు రాయడం మనకు రోజువారీ పని. ఒక స్త్రీ చెప్పింది విని, దాన్ని కలెక్టరుకో జడ్జికో ఎక్కేటట్టు తిరిగి రాస్తాం. అలా తిరిగి రాయడంలో ఏం చేరుతుంది, ఏం జారిపోతుంది అన్నది చూడటానికి రుక్మాబాయి ఉత్తరాలు ఎంచుకున్నాను.

కథ చాలామందికి తెలిసిందే. 11 ఏళ్ళకు దాదాజీ భికాజీతో పెళ్ళయింది. ఆమె కాపురానికి వెళ్ళలేదు. 1884లో అతను బొంబాయి హైకోర్టులో దావా వేశాడు. 1885 జూన్ 26న టైమ్స్ ఆఫ్ ఇండియాలో బాల్యవివాహాల మీద ఒక ఉత్తరం, సెప్టెంబర్ 19న నిర్బంధ వైధవ్యం మీద ఇంకొకటి వచ్చాయి. సంతకం: 'ఒక హిందూ స్త్రీ'. రెండో ఉత్తరం వచ్చిన రెండు రోజులకే జస్టిస్ పిన్హే ఆమె పక్షాన తీర్పు చెప్పాడు.

ఆ సంతకం దగ్గర కాస్త ఆగాలి. పేరు పెడితే అది దావాలో ఉన్న ఒక మనిషి సొంత గొడవ. పేరు తీసేస్తే స్త్రీలందరి గొంతు. 'మేము' అన్న మాటకు బలం అక్కడే వచ్చింది. కానీ ఎవరు ఆ 'మేము'? రుక్మాబాయిది వడ్రంగం చేసే సుతార్ కులం. ఆ కులంలో వితంతువులు మారుమనువు చేసుకోవచ్చు. ఆమె తల్లి అలాగే డాక్టర్ సఖారాం అర్జున్‌ను చేసుకుంది. ఉత్తరం అబద్ధమని నేననను. ఇంగ్లీషు పాఠకుడి మనసులో హిందూ స్త్రీ అంటే అగ్రకుల స్త్రీయే. అతణ్ణి కదిలించాలంటే ఆ బొమ్మే చూపాలి. ఆ సంతకం కింద మాత్రం కన్నతల్లికి చోటు లేకపోయింది.

1886లో అప్పీలులో తీర్పు తారుమారయింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ ఉత్తర్వు: నెలలోగా భర్త దగ్గరికి వెళ్ళాలి, లేకపోతే 6 నెలల జైలు. జైలుకే వెళ్తానంది. ఏప్రిల్ 9న లండన్ టైమ్స్‌లో ఆమె ఉత్తరం అచ్చయింది. నా దృష్టిలో అన్నిటికంటే నేర్పుగా రాసింది ఇదే. అది విక్టోరియా రాణి జూబిలీ సంవత్సరం. రాణిని తల్లిగా నిలబెట్టి, హిందూ చట్టంలో ఒక చిన్న మార్పు అడిగింది: అబ్బాయికి 20, అమ్మాయికి 15 నిండకముందు జరిగిన పెళ్ళి కోర్టులో చెల్లకూడదు. అడిగేది ఇవ్వడానికి తేలికగా కనిపించాలన్న కిటుకు మన అర్జీలదీ కదా!

అయితే ఆమెను జైలుకు పంపబోయింది హిందూ ధర్మశాస్త్రం కాదు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ దావా ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చిన సరుకు. పిన్హే తీర్పులోనే ఈ సంగతి ఉంది. ఇంగ్లండులో దీనికి జైలుశిక్ష 1884లోనే తీసేశారు. రాణిగారి కోర్టు పెట్టిన బాధకు రాణిగారినే వేడుకుంటూ, తప్పంతా మన ఆచారం మీద వెయ్యాల్సి వచ్చింది. అటు తిలక్ హిందూ ధర్మం పేరుతో వెనకేసుకొచ్చిందీ ఈ ఇంగ్లీషు సరుకునే.

ఉత్తరాల్లో వాదన వయసు చుట్టూ, చదువు చుట్టూ తిరుగుతుంది. కోర్టులోనేమో దాదాజీ పేదరికం, అనారోగ్యం. వద్దనడానికి ఏదో ఒక కారణం చూపాలి. ఊరికే వద్దంటే వినే చోటు లేదు. 1888లో రాజీ కుదిరింది. 1891లో సమ్మతి వయసు 10 నుంచి 12కు పెరిగింది. దావా మాత్రం చెక్కుచెదరకుండా 1955 హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షనై కూర్చుంది.

1983లో సరిత కేసులో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమన్నారు. స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమెదే అన్నది ఆయన వాదనకు పునాది. జాలి ప్రసక్తి లేదు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు, ఇంట్లోకి రాజ్యాంగాన్ని తేవడాన్ని పింగాణీ సామాను కొట్లోకి ఎద్దును తోలడంతో పోల్చింది. ఒక్క పోలిక ఎంత పని చేసిందో చూడండి! ఇల్లు సున్నితమైన పింగాణీ, హక్కు పశువు. ఆ కొట్లో ఇరుక్కున్న మనిషి కనబడకుండా పోయింది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ వైపే మొగ్గింది. ఇంగ్లండు 1970లోనే ఈ దావాను రద్దు చేసుకుంది. మన దగ్గర 2019లో మళ్ళీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, సెక్షను చట్టంలోనే ఉంది.

మనోవర్తికి వేసిన స్త్రీకి జవాబుగా భర్త ఈ సెక్షను కింద నోటీసు పంపడం మీకు కొత్తకాదు. దానికి జవాబు రాసేటప్పుడు తాగాడు, కొట్టాడు, కట్నం అడిగాడు అని రాస్తాం. రాయాల్సిందే. 'ఆమెకు వెళ్ళడం ఇష్టం లేదు' అన్న వాక్యం ఏ పేరాలో పెడుతున్నాం? చట్టం అడిగేది సహేతుకమైన కారణం కాబట్టి, ఆ వాక్యం కేసుకు పనికిరాదని లాయరు కొట్టేస్తే ఏమంటున్నాం? మధ్యాహ్నం మీ ఫైళ్ళలోంచి రెండు మూడు జవాబులు తీయండి, కలిసి చదువుదాం.