వెనుక వచ్చే చిన్న చక్రాలు

నాకు సైకిలంటే ప్రాణమని మీలో కొందరికి తెలుసు. ప్రతిదినము వేకువనే రాప్తాడు నుండి అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద తొక్కేవాడను. లారీ గాలికి సైకిలు ఊగినా లెక్కచేయలేదు. తలకు హెల్మెట్టు కూడా లేదు!

ఒకనాడు నా పదేండ్ల కుమార్తె ఒంటరిగా ఆ రహదారి అంచుకు వచ్చి నిలిచింది. కోపముతో అరిచాను.

"నువ్వు దినమూ పోతాండావు గదా నాయనా!" అన్నది.

నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు ఇద్దరమూ చెనిక్కాయ చేల మధ్య బండిదారిన వెళ్తున్నాము. పల్లేరు ముళ్లకు పంచర్లు తప్పవు. ట్యూబు ముంచిన నీళ్లను, కరువు సీమ కదా, వేపమొక్కకు పోస్తాము. అమ్మాయి ముందు, నేను వెనుక. హెల్మెట్లు రెండు కొన్నాను. నా పట్టీ బిగిసిందో లేదో ఆమే లాగి చూస్తుంది.