పాత డోలు పారేయొద్దు

 

ఆగస్టు 15న మన హాస్టల్ పిల్లలు పరేడ్‌లో వాయించే సైడ్ డ్రమ్ మీకు తెలుసు. దాన్నే స్నేర్ డ్రమ్ అంటారు. కింది పొరకు ఆనించి బిగించిన తీగల వల్లే దానికి ఆ గరగర శబ్దం. అమెరికాలో పాత స్నేర్ డ్రమ్ములు వెతికి దాచుకునేవాళ్లు ఉన్నారు. 1920లలో షికాగోలో లడ్విగ్ కంపెనీ చేసిన, ‘బ్లాక్ బ్యూటీ’ అని పిలిచే డ్రమ్ము వాళ్లకు అపురూపం. ఇత్తడి ఒంటిమీద నల్లని పూత. ఆ నలుపును చెక్కితే కింది ఇత్తడి పువ్వులై మెరుస్తుంది. పాతదానికి కొత్త రంగు వేస్తే విలువ పోతుందని వాళ్లంటారు. మరలు కూడా అప్పటివే ఉండాలట!

కంపెనీ సరుకుకే అంత విలువైతే, తాత తన చేత్తో తొలిచిన డోలుకు ఎంత ఉండాలి? మన డోలు మీద కంపెనీ ముద్ర ఉండదు. దాని చరిత్ర వాయించే మనిషి దగ్గరే ఉంటుంది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన డోలుతో పాటు సమ్మక్క సారలమ్మల కథ కూడా ఆయన గొంతులో నిలిచింది.

అందుకే మీ ఇంటి అటక మీది డోలు దించండి. పొడి గుడ్డతో తుడవండి, వార్నిష్ వేయొద్దు. ఏ కర్ర, ఏ తోలు, ఎవరు చేశారు, ఏ పండక్కి ఏ దరువు అని తాతను అడిగి రాసుకోండి. ఆయన వాయిస్తుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. వేల్పు డోలైతే మాత్రం పెద్దల అనుమతి లేకుండా ముట్టొద్దు. కొనేవాళ్లొస్తే తొందరపడి ఇచ్చేయొద్దు.

డోలు ఒక్కటే మిగిలితే అది బొమ్మ. దరువు నేర్చుకుంటేనే అది మనది.