విజయవాడ రోడ్డు చెప్పే చరిత్ర

 

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా విజయవాడ వెళ్లే రోడ్డు మనందరిదీ. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. ప్రధాన దళం సోలాపూర్ నుంచి వస్తే, మేజర్ జనరల్ రుద్ర దళం విజయవాడ నుంచి ఈ దారి పట్టింది. ఆ చరిత్రను గ్రంథస్థం చేసినవారు డాక్టర్ ఎస్.ఎన్. ప్రసాద్. రక్షణ శాఖ చరిత్ర విభాగంలో పనిచేసిన ఆయన రాసిన 'ఆపరేషన్ పోలో' 1972లో వెలువడింది. ధరమ్‌పాల్‌తో కలిసి 1947-48 కశ్మీర్ యుద్ధ చరిత్ర కూడా రాశారు. ఆయన ప్రధాన సంపాదకత్వంలో 1992లో సిద్ధమైన చైనా యుద్ధ చరిత్రను మాత్రం ప్రభుత్వం చాలా ఏళ్లు బయటపెట్టలేదు.

ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్న ఘట్టం ఒకటుంది. సూర్యాపేట దగ్గర వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చేసింది. కానీ దాన్ని బాగుచేయనీయకుండా కాల్పులు జరిపేవాళ్లను ఉంచలేదు. వంతెన త్వరగానే బాగుపడింది, దళం ముందుకు సాగింది. కాపలా లేని అడ్డంకి అడ్డంకే కాదు.

అయితే దళాల కదలికలతోనే చరిత్ర పూర్తి కాదు. రజాకార్ల చేతుల్లో నలిగిన పల్లెలున్నాయి. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక కూడా దశాబ్దాలు మరుగునే ఉండిపోయింది.

ప్రభుత్వ చరిత్రకారుడి పుస్తకానికి ప్రభుత్వ అనుమతి కావాలి. మనకు అక్కర్లేదు. ఆ రోజులు చూసిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. సార్లకూ టీచర్లకూ నా విన్నపం: వాళ్ల మాటలు పిల్లలచేత ఈ ఏడాదే రాయించండి.