సోలార్ ప్యానెల్‌కు పెట్టే పరీక్షలు



చంద్రపూర్ ఎండ ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మే నెలలో 46, 47 డిగ్రీలు మనకు మామూలే. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక, ఈ ఎండతో కరెంటు బిల్లు తగ్గించుకుందామనే ఆలోచన చాలా ఇళ్ళలో వచ్చింది. 3 కిలోవాట్లు పెట్టించుకుంటే కేంద్ర ప్రభుత్వం 78,000 రూపాయలు ఇస్తుంది. మిగతా సొమ్ము మనదే, లేకపోతే బ్యాంకు అప్పు. ప్యానెల్ పాతికేళ్ళు పనిచేస్తుందని అమ్మేవారు చెబుతారు. ఆ మాటను దేన్ని చూసి నమ్మాలి?

పరీక్షలను చూసి నమ్మాలి. ప్యానెల్ మన్నికకు ఐ.ఎస్. 14286 అనే ప్రమాణం ఉంది. కరెంటు షాకు, నిప్పు వంటి ప్రమాదాల విషయంలో చూసేది 61730 అనే మరో ప్రమాణం. వీటి ప్రకారం పరీక్షించి, భారత ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేయించిన ప్యానెళ్ళే అమ్మాలని కేంద్రం 2017లో ఉత్తర్వు తెచ్చింది.

ఆ పరీక్షలు తేలికైనవి కావు. ప్యానెల్‌ను ఒక పెట్టెలాంటి గదిలో ఉంచి, సున్నాకు 40 డిగ్రీల కింది చలి నుంచి 85 డిగ్రీల వేడి దాకా 200 సార్లు తిప్పుతారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు, అంటే సుమారు 42 రోజులు ఉంచుతారు. 25 మిల్లీమీటర్ల మంచుగడ్డలను సెకనుకు 23 మీటర్ల వేగంతో అద్దం మీదికి కొడతారు.

వీటన్నిటిలో మన జిల్లా వారికి ముఖ్యమైనది నీటి పరీక్ష. ప్యానెల్‌ను నీళ్ళలో ఉంచి, లోపలి కరెంటు బయటికి కారుతోందేమో కొలుస్తారు. గనుల బొగ్గు దుమ్ము, థర్మల్ స్టేషన్ బూడిద పడే ఊళ్ళలో ప్యానెళ్ళను తరచుగా కడగక తప్పదు. వరుసగా కలిపిన ప్యానెళ్ళలో కొన్ని వందల వోల్టుల డి.సి. కరెంటు ఉంటుంది. ఈ పరీక్షకు నిలవని ప్యానెల్ అయితే తడిచేత్తో ఫ్రేము పట్టుకున్న మనిషికి ప్రాణాపాయమే. మంచి ప్యానెల్‌నైనా ఎండ రాకముందే కడగండి. కాలిన అద్దం మీద చన్నీళ్ళు పడితే పగలవచ్చు.

ఇక వాట్ల సంగతి. లేబుల్ మీద 540 వాట్లు అని ఉంటే, అది లోపలి సెల్లు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి లెక్క. మే నెల మధ్యాహ్నం మన మేడమీద సెల్లు 70 డిగ్రీలకు చేరవచ్చు. డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గితే, అదే ప్యానెల్ 455 వాట్ల దగ్గర ఆగుతుంది. ఇందులో మోసమేమీ లేదు, వస్తువు స్వభావమే అంత. కాగితాల్లో ఈ తగ్గుదల శాతం రాసి ఉంటుంది. అది తక్కువ ఉన్న రకం మన ప్రాంతానికి మేలు. రేకుల కప్పుకు ఆనించి బిగిస్తామంటే ఒప్పుకోకండి. కింద గాలి ఆడకపోతే వేడి ఇంకా పెరుగుతుంది.

ఒక మాట మరచిపోకూడదు. ల్యాబులో పరీక్షించేది ఆ మోడల్ నమూనాలను మాత్రమే. మీ ఇంటికి వచ్చిన ప్యానెల్ అదే ఫ్యాక్టరీలో, అదే మోడల్‌గా తయారైందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. అమ్మేవారు చూపించే సర్టిఫికెట్ జిరాక్సు కాగితం చాలదు. ప్యానెల్ వెనుక లేబుల్ మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్ తెరిచి ఆ సంఖ్య కొడితే ఏ కంపెనీ పేర నమోదైందో తెలుస్తుంది. పేరు లేబుల్‌తో కలవకపోతే సరుకు దింపనివ్వకండి. సబ్సిడీ కావాలంటే లోపలి సెల్లు కూడా మన దేశంలో తయారైనవే కావాలి. ఆ మాట బిల్లులో రాయించుకోండి. ఒక్కొక్క ప్యానెల్ సీరియల్ నంబరునూ బిల్లులో ఎక్కించమనండి. ప్యానెళ్ళు మేడ ఎక్కాక లేబుల్ వెనకవైపు పడుతుంది, చదవడం కష్టం. అందుకని ఈ పనంతా బండి వాకిట్లో ఉండగానే ముగించండి.