చూడడానికి వెళ్లినవాళ్లం ఏం చూశాం?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక రిటైర్డు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



జపాన్ ప్రయాణం గురించి చెప్పమని నన్ను పిలిచారు. హక్కుల గురించి మాట్లాడుకునే చోట విహారయాత్ర ముచ్చట్లేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. చెప్పవలసింది ఉందని తిరిగి వచ్చాక అర్థమైంది.

నేను ముప్పై రెండేళ్లు టీచరుగా పనిచేశాను. నా కోసం నేను పెద్ద మొత్తం ఖర్చు పెట్టుకోవడం అదే మొదలు. "ఈ వయసులో ఒక్కదానివీ అంత దూరం ఎందుకు?" అన్నారు ఇంట్లో. తిరుపతికో, కాశీకో వెళ్తానంటే ఎవరూ ఏమీ అనరు. ఊరికే చూసి వస్తానంటే మాత్రం ఆడమనిషి సంజాయిషీ చెప్పుకోవాలి. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కుగా గుర్తించింది. మనం కూలి గురించీ, హింస గురించీ పోరాడతాం గానీ ఈ హక్కును ఎప్పుడూ పట్టించుకోలేదు. కాబట్టి నేను వెళ్లినందుకు సిగ్గుపడడం లేదు. సిగ్గుపడింది మరో విషయానికి. అదే చెబుతాను.

మేము ఇరవై రెండు మందిమి. "జపాన్ సంస్కృతి, స్థానిక జీవితం" అని కాగితం మీద రాసి ఇచ్చారు. మూడో రోజు క్యోటోలో గియోన్ అనే పేటకు తీసుకెళ్లారు. సాయంత్రం ఆరు గంటలకు పట్టు కిమోనో కట్టుకుని, ముఖానికి తెల్లరంగు పూసుకుని ఒక అమ్మాయి తల వంచుకుని గబగబా నడిచిపోతోంది. మా వాళ్లంతా ఫోన్లు ఎత్తారు. నేనూ ఎత్తాను. ఆ పిల్ల దాదాపు పరిగెత్తింది.

ఆమెను "మైకో" అంటారు. గెయిషా కావడానికి శిక్షణ పొందుతున్న అమ్మాయి. తొమ్మిదో తరగతి దాకా చదివి, పదిహేను పదహారేళ్లకే ఈ వృత్తిలోకి వస్తారు. యజమానురాలి ఇంట్లో ఉంటూ సుమారు ఐదేళ్లు నాట్యం, సంగీతం నేర్చుకుంటారు. తిండీ బట్టా ఆ ఇంటివాళ్లే పెడతారు, జీతం ఉండదు, చేతిఖర్చుకు కొంత ఇస్తారు. ఆ దేశంలో ఇరవై ఏళ్లు నిండనిదే మద్యం తాగకూడదు. కానీ పదహారేళ్లకే తనచేత విపరీతంగా తాగించారని 2022లో ఒక మాజీ మైకో బహిరంగంగా రాసింది. ఇది కళా, బాలకార్మికమా అన్న చర్చ అక్కడ రేగింది. ఆ కళను ప్రేమించి, ఇష్టపడి వచ్చిన అమ్మాయిలూ ఉన్నారు. వాళ్ల మాటను మనం కొట్టిపారేయకూడదు. కానీ దారిన పోయే పిల్లను వెంటపడి ఫోటో తీయడం ఏ సంస్కృతి? యాత్రికుల ఆగడాలు భరించలేక 2024లో అక్కడివాళ్లు కొన్ని సొంత సందుల్లోకి బయటివాళ్లను రానివ్వబోమని బోర్డులు పెట్టారు. కాదని వస్తే పదివేల యెన్‌ల జరిమానా. ఆ బోర్డు పక్కన నిలబడే నేను ఫోటో తీశాను. రాత్రి గదిలో చూసుకుంటే ముఖం లేదు, వంచిన మెడ మాత్రం ఉంది. మన వీధుల్లో మగపిల్లలు వెంటపడితే ఆడపిల్లలు ఎలా తల వంచుకు నడుస్తారో అలాగే ఉంది. తుడిచేశాను.

తర్వాతి రోజు సంప్రదాయపు సత్రంలో బస. అరవై ఏళ్లు పైబడిన ఒకామె మోకాళ్ల మీద కూర్చుని తలుపు జరిపి, మోకాళ్ల మీదే భోజనం వడ్డించి, తర్వాత పక్కలు పరిచింది. మా వాళ్లు "ఎంత మర్యాదో!" అన్నారు. నేను గైడును అడిగాను: "ఈమె ఇంటికి ఎన్నింటికి వెళ్తుంది?" గైడు ఆ ప్రశ్నను అనువదించడానికి కాస్త తటపటాయించింది. జవాబు ఏమిటంటే, పొద్దున్న ఫలహారాల వేళకు రావాలి, మధ్యాహ్నం కొన్ని గంటలు ఖాళీ, మళ్లీ సాయంత్రం నుంచి రాత్రి దాకా పని. మధ్యలో ఖాళీకి కూలి ఉండదు. అంటే రోజంతా పని చుట్టూనే తిరుగుతుంది, లెక్కకు మాత్రం సగమే వస్తుంది. మన అంగన్‌వాడీ ఆయాలకు ఈ లెక్క చెబితే వెంటనే అర్థమవుతుంది.

అక్కడి నుంచి సముద్రతీరానికి, మియే రాష్ట్రంలోని తోబాకు వెళ్లాం. "అమా" అంటే సముద్రపు స్త్రీలు. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి ఒక్కో మునకకు నిమిషం లోపు నీటి అడుగున ఉండి నత్తగుల్లలు ఏరి తెస్తారు. పైకి వచ్చి ఊపిరి వదిలినప్పుడు సన్నగా ఈల మోగుతుంది. ముత్యాల ద్వీపంలో తెల్లబట్టలు కట్టుకుని మునిగి చూపించేది యాత్రికుల కోసం. నిజంగా పనికి వెళ్లేవాళ్లు నల్లటి రబ్బరు దుస్తులు వేసుకుంటారు. ఒడ్డున గుడిసెలో నిప్పు రాజేసి, మాకు నత్తలు కాల్చి పెడుతూ ఒక ముసలమ్మ చెప్పిన మాట విని నేను ఆశ్చర్యపోయాను. ఆ తీరంలో పది సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్ల కంటే చిన్న అబలోన్ నత్తను తీయకూడదు, తీస్తే మళ్లీ నీళ్లలో వదిలేయాలి. సముద్రాన్ని ఎంత తీసుకోవాలో, ఎంత మిగల్చాలో ఆ ఆడవాళ్లకు తెలుసు. 1950లలో దేశం మొత్తం మీద పదిహేడు వేల మందికి పైగా ఉన్న అమాలు ఇప్పుడు రెండు వేల లోపే. ఉన్నవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. అక్కడ మాత్రం మేము చూడడానికి వెళ్లలేదు, కూర్చుని వినడానికి వెళ్లాం. గుడిసె ఆమెది. మాట ఆమెది. ఏం చెప్పాలో, ఎప్పుడు ఆపాలో ఆమే నిర్ణయించింది. గియోన్‌కీ ఆ గుడిసెకీ తేడా అదే.

ఇక మా గైడు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి, పిల్లలు పెద్దయ్యాక పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. రోజుకింత అని కూలి. "బ్యాడ్జి మీదున్నది నా భర్త ఇంటిపేరు" అని బస్సులో నవ్వుతూ చెప్పింది. అక్కడి చట్టం ప్రకారం భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలి. ఎవరిదైనా పెట్టుకోవచ్చు. కానీ నూటికి తొంభై నాలుగైదు జంటల్లో మార్చుకునేది భార్యే. 1947లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 24వ అధికరణంలో వివాహంలో సమాన హక్కులు రాసింది. దాన్ని చిత్తు రాసింది బేయాటే సిరోటా అనే ఇరవై రెండేళ్ల యువతి. అయినా ఇంటిపేరు నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు 2015లోనూ, 2021లోనూ తీర్పు చెప్పింది. మార్చమని ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ 2024లో మరోసారి చెప్పింది. 2025 అక్టోబరులో ఆ దేశానికి తొలి మహిళా ప్రధాని వచ్చారు. ఈ మార్పును చాలాకాలంగా వ్యతిరేకిస్తున్నవారిలో ఆమె కూడా ఉన్నారు. కుర్చీలో స్త్రీ కూర్చోవడం ఒక్కటే చాలదని మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

చివరి రోజు టోక్యోలో "ఖాళీ సమయం, షాపింగ్" అని ఉంది. నేను వాసెదాలోని చిన్న మ్యూజియానికి వెళ్లాను. యుద్ధం, శాంతిపై మహిళలు 2005లో తెరిచిన మ్యూజియం అది. ద్వారం దగ్గరే గోడ నిండా స్త్రీల ముఖాలు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా మార్చిన స్త్రీలు వాళ్లు. 1991లో కొరియాకు చెందిన కిమ్ హక్‌సున్ తన పేరుతో, తన ముఖంతో ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పింది. 2000 డిసెంబరులో టోక్యోలో మహిళలే అంతర్జాతీయ ప్రజా న్యాయస్థానం నడిపారు. దానికి పూనుకున్నవారిలో ఒకరు పాత్రికేయురాలు మత్సుయి యయోరి. అంతకు చాలా ముందే, 1973లో, జపాన్ మగవాళ్లు గుంపులుగా దక్షిణ కొరియాకు "విహారయాత్ర" పేరుతో స్త్రీల కోసం వెళ్తుంటే, అక్కడి విద్యార్థినులు కింపో విమానాశ్రయంలో, జపాన్ స్త్రీలు హనేదా విమానాశ్రయంలో నిరసన తెలిపారు. ఆ పోరాటంలోనూ మత్సుయి ఉంది. అంటే యాత్ర అనేది స్త్రీ హక్కుల ప్రశ్న అని ఆ స్త్రీలు యాభై ఏళ్ల కిందటే చెప్పారు. మా యాత్ర కాగితంలో ఈ మ్యూజియం పేరు లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అరకులో రిసార్టుల ముందు ఆదివాసీ స్త్రీలు ధింసా ఆడతారు. చప్పట్లు కొడతాం, ఫోటోలు తీసుకుంటాం. వాళ్లకు ఎంత ఇస్తున్నారని ఎప్పుడైనా అడిగామా? అదీ అలా ఉంచండి. నిధులిచ్చేవాళ్లు వచ్చినప్పుడు పల్లెకు తీసుకెళ్లి, పొదుపు సంఘం ఆడవాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి పాట పాడించింది మనం కాదా? నేనే చేశాను. ఒకసారి ఒకామె, "టీచరమ్మా, నువ్వు ఇయ్యాల వత్తావని నాట్లకు పోలేదు, కూలి పోయింది" అంది. నవ్వేసి ఊరుకున్నాను. గియోన్‌లో ఆ పిల్ల పరిగెత్తినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

అందుకే నా కోరిక ఇది. మీరు యాత్రలకు వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. వెళ్లిన చోట వడ్డించే మనిషి పని గంటలు అడగండి. ముఖాన్ని ఫోటో తీసే ముందు అనుమతి అడగండి. ఒక్క పూటైనా అక్కడి మహిళా సంఘం దగ్గరికి వెళ్లండి. మన ఊళ్లకు ఎవరినైనా తెచ్చేటప్పుడు, ముందు ఆ ఊరి ఆడవాళ్లను అడగండి: రావచ్చా, ఎప్పుడు రావాలి, ఏం చూపించదలచుకున్నారు, పోయిన కూలి ఎవరిస్తారు అని. వద్దంటే ఆగిపోదాం.

నాట్లకు పోలేకపోయిన ఆమె దగ్గరికి పోయిన నెల వెళ్లాను. ఆ రోజు కూలి చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. "ఈసారి వచ్చేటప్పుడు ముందు కబురెట్టు" అంది. అంతే.