విషక్రిమికి వైద్యశిక్షణ

1891లో న్యూయార్కు శస్త్రవైద్యుడు విలియం కోలీ, మెడలోని క్యాన్సరు కణితిచే ఆహారము మ్రింగజాలని యొక రోగికి స్ట్రెప్టోకాకస్ క్రిములను ఎక్కించెను. తీవ్రజ్వరము వచ్చి కణితి కరగెను. రోగి ఎనిమిదేండ్లు బ్రదికెను. తరువాతివారిలో ఇరువురు ఆ జ్వరముతోనే మరణించిరి.

కణితి నడుమ ప్రాణవాయువు కొఱవడును; రక్తము చాలనందున మందులు అచటికి సరిగా చేరవు. కొన్ని బాక్టీరియాలకు అదియే నెలవు. అందుచే శాస్త్రజ్ఞులు సాల్మొనెల్లా జన్యువులు కొన్నింటిని తొలగించి దాని విషమును తగ్గించిరి. ఎలుకలలో ఫలించినది. 2002లో ప్రకటింపబడిన పరీక్షలో మాత్రము 24 మంది మెలనోమా రోగులలో ఒక్కరికిని కణితి తగ్గలేదు. కోఱలు తీసిన పాము ఇంటివారిని కరవదు సరే, శత్రువును మాత్రము కరచునా?

2016లో అమెరికా శాస్త్రజ్ఞులు వేఱొక ఉపాయము ప్రకటించిరి. క్రిములు గుమికూడినంతనే తమంతట పగిలి లోని మందును విడుచును. మిగిలిన కొలదివి మరల పెరుగును. కాలేయమున క్యాన్సరు వ్యాపించిన ఎలుకలకు కీమోథెరపీతో కలిపి యిచ్చినప్పుడు వాటి ఆయువు పెరిగెను.