డూప్లికేట్ ఇచ్చేస్తే దానమేనా?

తిరుపతి నుంచి ఇంకో ఎపిసోడ్.

ఈ మధ్య నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటే. "అన్నా, నా దగ్గర పాత నాణెం ఉంది, ఎన్ని లక్షలొస్తాయి?" అంత రాదు తమ్ముడూ. ఫోన్లో యాడ్ చూసి ముందే కమిషన్ మాత్రం కట్టొద్దు. తమ పేరు వాడుకుని ఇలా డబ్బులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. సరే, అది పక్కన పెడదాం. ఈరోజు మాట అమ్మడం గురించి కాదు, ఇవ్వడం గురించి.

నాణేలు, స్టాంపులు, పాత పుస్తకాలు పోగేసే మాలాంటి వాళ్లకు ఒక అలవాటుంది. కొత్తగా మొదలుపెట్టిన పిల్లోడు కనిపిస్తే, మన దగ్గర రెండు ఉన్నవాటిలో ఒకటి తీసి చేతిలో పెడతాం. మంచి అలవాటే. కానీ నిజం మాట్లాడుకుందాం, మనకు అక్కర్లేదు కాబట్టి ఇస్తున్నాం. మొత్తం ఇచ్చేసిన మనిషి ఒకాయన మన పక్కనే, కడపలో ఉండేవాడు. సి.పి. బ్రౌన్.

నిఘంటువు బ్రౌన్ అని స్కూల్లో చదివుంటారు. నాకైతే ఆయన ముందు ఒక కలెక్టర్. జిల్లా కలెక్టర్ అనుకునేరు, మనలాంటి కలెక్టర్! 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అప్పట్లో మన మదనపల్లె కూడా కడప జిల్లాలోదే, చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. అంటే ఈయన మనకు మరీ పరాయివాడేం కాదు.

ఆయన పోగేసింది తాళపత్రాలు, చేతిరాత పుస్తకాలు. ఊళ్లకు మనుషుల్ని పంపి వెతికించాడు. ఇవ్వమన్నవాళ్ల దగ్గర కాపీ రాయించుకున్నాడు. పండితులకు, లేఖకులకు జీతాలు తన జేబులోంచే. అప్పులు కూడా చేశాడు. ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆయన దృష్టిలో డూప్లికేట్ అనేదే లేదు. చేత్తో రాసిన పుస్తకం ఏ రెండూ ఒకేలా ఉండవు కదా. ఒకదాంట్లో పద్యం జారిపోయుంటుంది, ఇంకోదాంట్లో మాట మారుంటుంది. అందుకే ఒకే కావ్యానికి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూసేవాడు. వేమన పద్యాల్ని ఆయన 1829లో అచ్చు వేయించింది కూడా ఇలా వెతికి, పోల్చి చూసిన తర్వాతే.

తర్వాత రెండు వేలకు పైగా ఉన్న ఆ ప్రతుల్ని మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అంతకుముందు కల్నల్ మెకంజీ సేకరణ ఉంది చూడండి, ఆయన పోయాక భార్య దగ్గర ప్రభుత్వం 10,000 పౌన్లకు కొన్నది. అందులో తప్పేం లేదు, ఆమెకూ బతుకు ఉంది. బ్రౌన్ మాత్రం బతికుండగానే ఇచ్చాడు, చేతిలో ఉన్నది వదులుకున్నాడు. నా లెక్కలో తేడా అక్కడుంది. ఇప్పుడు బ్రౌన్ సేకరణ, మెకంజీ సేకరణలో కొంత భాగం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

కథ అక్కడితో ఆగలేదు. కడపలో బ్రౌన్ ఉన్న బంగళా శిథిలమైపోతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా విరాళాలు అడిగి ఆ చోటే లైబ్రరీ కట్టించారు. ఇప్పుడది యోగి వేమన యూనివర్సిటీ చేతిలో ఉంది. పాత పుస్తకాలు, తాళపత్రాలు ఇంట్లో ఉన్నవాళ్లు కొందరు తెచ్చి అక్కడ ఇచ్చారు కూడా.

మనం వేల పుస్తకాలు ఇవ్వలేం, సరే. చేయగలిగింది ఒకటి చెప్తా. పిల్లోడికి నాణెం ఇచ్చేటప్పుడు చిన్న చీటీ రాసి ఇవ్వండి. ఏ సంవత్సరం, ఏ లోహం, మనకు ఎక్కడ దొరికింది. చీటీ లేని నాణెం పదేళ్లు పోతే ఉత్త రేకు ముక్క. ఇవ్వడానికి పాతదే ఉండాలని కూడా లేదు. జేబులో రూపాయి బిళ్ల తీసి సంవత్సరం కింద చూడమనండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నాలుగూ వెతికి తెమ్మని చెప్పండి. ఖర్చు నాలుగు రూపాయలు. ఆ పిల్లోడు సాయంత్రానికి ఇంట్లో డబ్బాలన్నీ బోర్లించకపోతే నన్నడగండి.

ఇంట్లో తాతల కాలం తాళపత్రాలు ఉన్నవాళ్లకు మాత్రం ఒక మాట. నూనె రాయొద్దు, ల్యామినేషన్ అసలొద్దు. ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, తీసుకెళ్లి చూపించండి.

వచ్చేవారం స్టాంపుల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.